బట్ట చాలని చెయ్యి

జెండా పండుగ రోజు పొద్దున్న తెల్ల జాకెట్టు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. ఎడమ చెయ్యి మామూలుగానే దూరింది. కుడి చెయ్యి మోచేతి దాకా వెళ్ళి ఆగిపోయింది. వేసవి సెలవుల ముందు వరకూ సరిపోయిన జాకెట్టే అది. ఉతుకులో ముడుచుకుపోయిందేమో అనుకున్నాను. చేతికి పౌడరు రాసుకుని, గోడకి ఆనుకుని, ఊపిరి బిగబట్టి లాగాను. ఎక్కింది. పైన ఆకుపచ్చ అంచున్న చీర కట్టుకుని బడికి వెళ్ళిపోయాను.

గరివిడికి దగ్గర్లో ఒక ఊళ్ళో హైస్కూల్లో నేను సోషల్ చెప్తాను. ఆ రోజు జెండాకి వందనం చేస్తూ చెయ్యెత్తి నిలబడితే, పాట పూర్తయ్యేలోగా వేళ్ళు తిమ్మిరెక్కాయి. పిల్లలకి మిఠాయి బిళ్ళలు పంచేటప్పుడు చూసుకున్నాను. అరచెయ్యి ఉబ్బి ఉంది. ఉంగరం చర్మంలోకి దిగబడింది. ఇంటికొచ్చి జాకెట్టు విప్పబోతే రాలేదు. భుజం దగ్గర దిగింది గాని దండ దగ్గర చిక్కుకుపోయింది. పైకీ పోదు, కిందికీ రాదు.

మా ఆయన గరివిడి ఫ్యాక్టరీలో పని చేస్తారు. ఆ రోజు సెలవు కాబట్టి ఇంట్లోనే ఉన్నారు. తలుపు వేసుకుని నేను చాలాసేపు బయటికి రాకపోతే పిలిచారు. చివరికి తలుపు తీయక తప్పలేదు. చీర కొంగు మెడదాకా లాక్కుని గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆయన చూశారు. వెళ్ళి కత్తెర తెచ్చారు.

"ఇటు తిరుగు. గుచ్చుకుంటాది," అన్నారు.

ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన ముందు నేను పైట తీయలేదు. కట్టు మార్చడానికి కూడా నర్సునే రమ్మనేదాన్ని. ఇప్పుడు తిరగాల్సి వచ్చింది. కళ్ళు మూసుకుని తిరిగాను. మోచేతి వైపు నుంచి భుజం దాకా ఆయన నెమ్మదిగా కోసుకుంటూ వచ్చారు. బట్ట ఊడిపడ్డాక చేతిమీద కుట్టు గీత ఎర్రగా అచ్చు పడి ఉంది. ఆయన ఆ గీత మీద వేలు పెట్టారు. నేను చెయ్యి లాగేసుకున్నాను.

అప్పటికి నా ఆపరేషన్ అయి ఏడాది దాటింది. కుడి రొమ్ములో గడ్డ. విశాఖలో తీసేశారు, చంకలో గ్రంథులతో సహా. తర్వాత మందులు ఎక్కించారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. ఇదంతా నాకూ మా ఆయనకీ తప్ప ఎవరికీ తెలియదు. బళ్ళోనూ చుట్టాల్లోనూ గర్భసంచి తీసేశారని చెప్పాం. మా వైపు ఆ ఆపరేషన్ కాని ఆడది అరుదు కాబట్టి ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు. జుట్టు ఊడిపోయినప్పుడు సింహాచలంలో మొక్కు తీర్చుకున్నానన్నాను. అదీ నమ్మారు. ఎందుకు దాచావంటే నా దగ్గర పెద్ద కారణం లేదు. రొమ్ము కేన్సరు అన్నమాట వినగానే ఎవరైనా ముందు చూసేది ఛాతీ వైపే. ఆ చూపు నాకొద్దు, అంతే.

దాన్ని దాచడం కష్టం కాలేదు. లోపల దూది సంచి పెట్టుకుంటే, పైన చీర నాలుగు మడతలు వేసుకుంటే, ఎవరికీ తెలియదు. చీర అన్నిటినీ కప్పుతుంది, చేతుల్ని తప్ప. ఆ సంగతి నాకు ఆ జెండా పండుగ రోజే తెలిసింది.

మర్నాడే విశాఖ వెళ్ళాం. డాక్టరమ్మ నాకు కూతురుంటే ఆ వయసుండే అమ్మాయి. రెండు చేతులకీ టేపు పెట్టి చూసింది. చంకలో గ్రంథులు తీసేశాక చేతిలో నీరు కిందికి దిగే దారి సన్నబడుతుందని, కొందరికి వెంటనే, కొందరికి ఏడాదికో రెండేళ్ళకో ఇలా వాపు వస్తుందని చెప్పింది. లింఫెడీమా అంది. తగ్గించొచ్చు గాని పూర్తిగా పోదంది. కుడి చేతికి గాజులు, ఉంగరాలు వద్దు, ఇంజక్షన్లు వద్దు, బీపీ కొలిపించుకోవద్దు, బిగుతు చేతుల జాకెట్లు అసలే వద్దు. ఇన్ని చెప్పి, మణికట్టు నుంచి భుజం దాకా బిగుతుగా పట్టే ఒక తొడుగు రాసింది. పగలంతా అది వేసుకోవాలి.

ఆ తొడుగు గోధుమపిండి రంగు. నేను చామనఛాయ కన్నా ఒక పిసరు ఎక్కువే. వేసుకుని అద్దంలో చూసుకుంటే ఎవరిదో తెల్లామె చెయ్యి తెచ్చి నాకు అతికించినట్టుంది. దాచడానికి పుట్టిన రంగే కాదది. చేతిని చూడండి చూడండి అని పిలిచే రంగు.

మా వీధి చివర ఒకావిడ జాకెట్లు కుడుతుంది. ఎన్నో ఏళ్ళుగా నాకు ఆవిడే. కొలత జాకెట్టు ఇచ్చి వచ్చేయడమే తప్ప నేనెప్పుడూ ఆవిడ ముందు చేతులు చాపి నిలబడలేదు. ఈసారి టేపుతో కొలవాల్సిందే. వెళ్ళేముందు ఇంట్లోనే తొడుగు తీసేసి కొంగు కప్పుకుని వెళ్ళాను.

"ఏటమ్మా, సెయ్యిలాగైపోనాది?" అంది.

"నీరు పట్టింది."

"బోదేటి?"

మా జిల్లాలో బోదకాలు చూడని మనిషి లేడు. ఏ వీధిలోనైనా ఒక కాలు దుంగలాగ ఉబ్బిన పెద్దామె అరుగు మీద కూర్చుని ఉంటుంది. ఆవిడ అడిగిన ప్రశ్నలో వింతేమీ లేదు. నేను ఔననలేదు, కాదనలేదు. తలొంచుకున్నాను. అది ఔననడమే. గర్భసంచి తీసేస్తే చెయ్యి వాస్తుందని ఎవరికీ చెప్పలేను గదా.

రెండు చేతులూ కుడి చేతి కొలతకే కుట్టమన్నాను. అలా కుట్టిన జాకెట్టు వేసుకుంటే కుడి వైపు సరిగ్గా ఉండి, ఎడమ వైపు చెయ్యి సంచిలో పెట్టినట్టు వేలాడేది. బోర్డు మీద రాయడానికి కుడి చెయ్యెత్తితే లోపలి తొడుగు కనిపించేది. అంచేత కొంగు రెండు భుజాల మీదుగా కప్పుకుని, చివర ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చెయ్యి ఛాతీ ఎత్తు దాటకుండా రాసేదాన్ని. బోర్డులో పై సగం ఎప్పుడూ ఖాళీగా ఉండేది. వెనక బెంచీల వాళ్ళు కనబడటం లేదనేవారు. మార్చి ఎండలో అలా కప్పుకుని నిలబడితే చెమట వీపు మీద కాలువ కట్టేది, తొడుగు లోపల చెయ్యి ఉడికేది, వేడికి వాపు ఇంకా పెరిగేది.

ఊళ్ళో కలుపు తీయడానికి పోయే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని పోతారు. బడికి వెళ్ళేటప్పుడు బస్సులోంచి వాళ్ళని చూస్తే అసూయ కలిగేది. ఇంట్లో నేనూ నైటీ మీద మా ఆయన చొక్కా వేసుకునేదాన్ని. హాయిగా ఉండేది. తలుపు చప్పుడైతే మాత్రం పరిగెత్తుకెళ్ళి విప్పేసేదాన్ని. పొలం పనికి వెళ్ళే వాళ్ళలాగ కనిపిస్తానని సిగ్గు. ఆ సిగ్గు పడుతున్నందుకు మళ్ళీ ఇంకో సిగ్గు.

చివరికి మా ఆయనే విజయనగరం తీసుకెళ్ళి వదులు చేతుల కుర్తాలు కొనిపెట్టారు. నా వయసు యాభై దాటింది. మా బళ్ళో కుర్తా వేసుకునేవాళ్ళు కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలే. మొదటి రోజు స్టాఫ్ రూములోకి అడుగుపెడితే ఒకాయన "మేడం ఇయ్యాల కాలేజీకెల్తన్నారేటి?" అన్నారు. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. నేనూ నవ్వాను. ఆ రోజు మధ్యాహ్నం కేరియరు విప్పలేదు. చున్నీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, దూది సంచి పక్కకి జరిగిందేమో అని తడుముకుంటూ, సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవకుండా పాఠం చెప్పాను.

కొన్నాళ్ళకి బోద మాత్రలు పంచడానికి ఆరోగ్య కేంద్రం నుంచి ఒకమ్మాయి బడికొచ్చింది. ఏటా వస్తారు. స్టాఫ్ రూములో అందరికీ ఇస్తూ నా దగ్గరికొచ్చేసరికి ఆగి, నా చేతి వైపు చూసి, "మేడంకి ముందివ్వాలి కదండి, ముదిరిపోకుండా," అంది. గదిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. అంటే అందరూ ఎప్పుడో అనుకున్నారన్నమాట, నా వెనక. మాత్రలు చేతిలో పెట్టి నీళ్ళు కూడా అందించింది. మింగేశాను.

ఆ ఏడే మా అన్నయ్య కూతురి పెళ్ళి కుదిరింది. మా అన్నయ్యది శ్రీముఖలింగం దగ్గర ఊరు. మాకు పిల్లలు లేరు. ఆ అమ్మాయి ఇంటర్ రెండేళ్ళూ మా ఇంట్లో ఉండి చదివింది. నా పక్కనే పడుకునేది, నా జాకెట్లు పిన్నీసులు పెట్టుకుని వేసుకునేది. వదిన ఫోన్ చేసి, "ఇంట్లో ఆడోల్లందరం ఒకే రంగు జాకెట్లు. ముక్క అంపుతన్నాను. మేనత్తవి, ముందు నువ్వే ఉండాల," అంది. రాణీ రంగు పట్టు ముక్క పార్శిల్లో వచ్చింది. బావుంది. వేలితో రాస్తే చల్లగా జారింది.

మా టైలరు దాన్ని బల్ల మీద పరిచింది. నా జాకెట్టు కొలతలు పెట్టి చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. కొట్లో మరో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు.

"కుడి సెయ్యికి బట్ట సాల్దమ్మా," అంది. "ఎడం సెయ్యికి కోస్తే మిగిలే ముక్క ఇది. ఇందులో మీ కుడి సెయ్యి రాదు. జాయింటు ఏసి కుట్టీమంటారేటి?"

బెంచీ మీద ఇద్దరూ నా చేతి వైపు చూశారు. తర్వాత బట్ట వైపు చూశారు. మళ్ళీ చేతి వైపు చూశారు. ఆవిడ మామూలుగానే చెప్పింది, పొట్టి మనిషికి అంచు మడిచి కుట్టాలని చెప్పినట్టు. నాకు మాత్రం చెవులు వేడెక్కిపోయాయి. అందరు ఆడవాళ్ళకీ సరిపోయే ముక్క నాకు చాలలేదు. వద్దులెమ్మని మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను. దాన్ని బీరువాలో అడుగున పడేసి మా ఆయనకి కూడా చెప్పలేదు.

తర్వాతి ఆదివారం పొందూరు వెళ్దామన్నాను. అక్కడ నన్నెరిగినవాళ్ళు లేరు. సన్న ఖద్దరులో గంధం రంగు చీర, ఎర్రంచుది, దాని మీదికి అదే రంగు బట్ట తానులోంచి కావాల్సినంత కోయించుకున్నాను. అక్కడే కుట్టించాను. మణికట్టు దాకా వదులుగా చేతులు పెట్టమన్నాను. కుట్టేవాడు ఏమీ అడగలేదు. వేసుకుంటే చేతి మీద బట్ట ఉన్నట్టే లేదు. లోపల తొడుగున్నా గాలి ఆడుతోంది. చాలా నెలల తర్వాత బట్ట విప్పాలని తొందర లేకుండా కాసేపు అద్దం ముందు నిలబడ్డాను.

పెళ్ళికి ముందు రోజు మేం ఆటో దిగేసరికి పందిరి కింద ఆడవాళ్ళంతా రాణీ రంగులో ఉన్నారు. మా వదిన చెల్లెళ్ళు, ఆవిడ అన్న భార్య, పక్కింటి పిల్లలు కూడా. వదిన నవ్వుతూ ఎదురొచ్చింది. నా జాకెట్టు చూసింది. నవ్వు సగంలో ఆగింది.

"ముక్క అందనేదేటి?"

"అందింది వదినా."

"మరేటైనాది?"

"టైలరు పాడు చేసేసింది."

పాపం ఆ టైలరు. వదిన మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళి మంచినీళ్ళు వేరే వాళ్ళ చేత పంపించింది.

పెళ్ళికూతురికి నలుగు పెట్టాలి. మా ఇళ్ళల్లో మేనత్త ముందు రాయాలి. పిల్లని పీట మీద కూర్చోబెట్టి నన్ను పిలిచారు. పసుపు, సున్నిపిండి నూనెతో కలిపిన గిన్నె పట్టుకుని ఎవరో నిలబడ్డారు. కుడి చేత్తో రాయాలి. రాయాలంటే పొడవు చేతుల జాకెట్టు పైకి మడవాలి, తొడుగు విప్పాలి, లేదా అందరి ముందు ఆ తెల్ల చేత్తో పసుపు పూయాలి. నడుం పట్టేసిందని, వంగలేనని చెప్పి, వదిన చెల్లెల్ని రాయమన్నాను. లోపలికి వెళ్తుంటే వెనక ఒక గొంతు వినిపించింది.

"పట్టుసీర పెట్నేదని అలిగినట్టున్నాది."

బియ్యం బస్తాలు, అరటి గెలలు పెట్టిన చిన్న గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాను. మే నెల. పొద్దుట్నించి ప్రయాణం. చెయ్యి బరువెక్కి లాగేస్తోంది. జాకెట్టు చేతిని పైకి మడిచి తొడుగు విప్పబోయాను. చెమటకి అతుక్కుపోయి సగంలో ఆగిపోయింది. పంటితో పట్టుకుని లాగుతున్నాను. అప్పుడు తలుపు తోసుకుని పెళ్ళికూతురే వచ్చింది. ఒళ్ళంతా పసుపు, నుదుటి మీద నూనె కారుతోంది.

"అత్తా, నువ్వు రాయకుండా నేను తలకి పోసుకోను," అంటూ వచ్చి నా చెయ్యి చూసి ఆగిపోయింది.

కొంగు కప్పుకోబోయాను. కప్పుకుంటే మాత్రం ఏం లాభం.

"బోదా అత్తా?"

తల ఊపేస్తే సరిపోయేది. అలవాటైన పనే. కాని ఆ పిల్ల రెండేళ్ళు నా పక్కలో పడుకుంది.

"కాదమ్మా. రొమ్ము తీసేశారు," అన్నాను.

ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పిల్ల చూపు నా ఛాతీ మీదికి వెళ్ళింది. నేను ఇన్నాళ్ళూ భయపడ్డ చూపు అదే. వెళ్ళింది, అక్కడ ఒక్క క్షణం ఉంది, నా మొహం మీదికి వచ్చింది.

"ఎప్పుడు?"

"నాకు గర్భసంచి తీసేశారని మీకు చెప్పినప్పుడు."

"నాన్నకి తెల్సా?"

"తెలీదు. ఇప్పుడు చెప్పకు. పెళ్ళి కానీ."

సరేనని తలూపింది. బస్తా మీద నా పక్కన కూర్చుని తొడుగు అంచు పట్టుకుంది.

"నెమ్మదిగా లాగీనా, గట్టిగా లాగీనా?"

"గట్టిగా లాగు."

ఊడి వచ్చింది. తన చేతి పసుపంతా దానికి అంటుకుంది. నా చేతికీ అంటింది. ఇద్దరం బయటికి వెళ్ళాం. నేను జాకెట్టు చెయ్యి మోచేతి పైదాకా మడుచుకుని, గిన్నెలోంచి పసుపు తీసుకుని పిల్ల బుగ్గలకీ చేతులకీ రాశాను. పందిరి కింద మాటలు తగ్గిపోయాయి. ఒక ముసలామె, "అయ్యో, బోద సేతికెక్కీసిందే," అంది జాలిగా. పెళ్ళికూతురు తల పైకెత్తి ఏదో అనబోయింది. నేను దాని గడ్డం పట్టుకుని కిందికి వంచి మెడకి పసుపు రాశాను. తలెత్తి ఎవర్నీ చూడలేదు. చెయ్యి అందరికీ కనబడుతోందని మాత్రం తెలుస్తూనే ఉంది, ఎండ తగిలినట్టు. పని కాగానే చెంబుడు నీళ్ళతో కడుక్కుని, చెయ్యి కిందికి దించేసుకుని, మళ్ళీ తాళి కట్టే దాకా వెనకే కూర్చున్నాను.

పెళ్ళైన రెండు వారాలకి వదిన చెప్పాపెట్టకుండా గరివిడి వచ్చింది. కూతురు అత్తారింటి నుంచి ఫోన్ చేసి చెప్పిందట. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"గర్బసంచి అన్నావు. నాకూ తీసీసారు గదా, నడుం నొప్పి ఎలాగుంటాదో నాకు తెల్సు గదా అని ఎల్లుల్లికారం దంచి అంపినాను. రెండు సీసాలు."

"అవును వదినా."

"తిన్నావేటి?"

"తిన్నాను."

"దేనికి తిన్నావు?" అంది. ఆ తర్వాత చాలాసేపు మంచం మీద కూర్చుని ఏడ్చింది. నేను ఏడవలేదు. ఆవిడ ఏడుస్తుంటే నా ఇంట్లో నేనే అపరిచితురాలిలాగ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాను.

"జాకెట్టు ఏసుకోనేదని నీ మీద ఎంత కోపమొచ్చినాదో. మా సెల్లెలితో అన్నాను కూడా. అనకూడని మాటలే అన్నాను," అంది కళ్ళు తుడుచుకుంటూ.

భోజనాలయ్యాక పెళ్ళి ఫొటోలు ఫోన్లో చూపించింది. రాణీ రంగు వరసలో చివర నేను, గంధం రంగులో. ఏ ఫొటో వచ్చినా నా కళ్ళు ముందు కుడి చేతి మీదికి పోతున్నాయి. వదిన అది కనిపెట్టింది.

"నువ్వే సూసుకుంటన్నావు. సూడు, మిగతావోల్లంతా కెమెరా కేసి సూస్తన్నారు."

నిజమే, అందరూ కెమెరా వైపే చూస్తున్నారు. ఆ మాట కొంత నమ్మాను.

బట్టలు ఏం వేసుకుంటున్నావని అడిగి, నా జవాబు వినకుండానే బీరువా తెరిచింది. పాత జాకెట్లన్నీ ఇస్త్రీ మడతల్లో అలాగే ఉన్నాయి.

"ఇయ్యన్నీ ఎందుకు దాసినావు?"

"తగ్గితే వేసుకుందామని."

"డాక్టరు తగ్గుతాదన్నాదా?"

"పూర్తిగా పోదంది."

"అయితే నేనట్టుకుపోతాను. నాకు సరిపోతాయి." మొహమాటం లేకుండా ఒక్కొక్కటే తీసి మంచం మీద వేసింది. పాత దుప్పట్లో మూట కట్టింది.

టీ పెడతానని ఆవిడే వంటింట్లోకి వెళ్ళింది. నేను మూట విప్పి, ముదురాకుపచ్చ పట్టు జాకెట్టు ఒకటి వెతికి తీసి, తలగడ కింద పెట్టేశాను. చేతుల దగ్గర చిన్న బుటాలుంటాయి దానికి. ఏ ముహూర్తానికి కుట్టించుకున్నదో కూడా గుర్తు లేదు. మూట మళ్ళీ కట్టాను గాని కుడి చేతికి బలం లేక ముడి వదులుగా పడింది.

వదిన గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టింది. మూట వైపు చూసింది. దగ్గరికి లాక్కుని, ముడి విప్పకుండానే దాని మీద ఇంకో ముడి బిగించింది. నేను టీ గ్లాసు ఎడమ చేత్తో తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.